ఎడారి ఎండలో ఒక రక్తపు బొట్టు

శిశువు జన్మించిన రెండవనాడో మూడవనాడో నర్సు మడమ ప్రక్కన సూదితో గుచ్చి, మందపాటి వడపోత కాగితం మీది వలయాలను రక్తంతో నింపుతుంది. బిడ్డ ఏడుపుకు తల్లి మనసు చివుక్కుమంటుంది. కాని ఆ బిడ్డ మెదడును కాపాడే ఆధారం ఆ నాలుగు బొట్లలోనే ఉండవచ్చును.

ఈ పద్ధతిని 1960వ దశకం ఆరంభంలో అమెరికాలో రాబర్ట్ గత్రీ ప్రవేశపెట్టాడు. రియాద్‌లోని కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి శాస్త్రజ్ఞులు మొహమ్మద్ రాషెద్, పినార్ ఓజాండ్ ప్రభృతులు 1995లో, ఎండిన ఒక్క బొట్టు నుండి అనేక జన్యువ్యాధులను టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీతో గుర్తించే విధానాన్ని ప్రకటించారు. సౌదీ జాతీయ కార్యక్రమం 2005లో మొదలైంది. దగ్గరి బంధువుల వివాహాలు అధికంగా గల ఆ దేశంలో దీని అవసరమేమిటో మేనరికాలెరిగిన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

దూరపు పల్లె ఆసుపత్రికి ఈ కాగితం గొప్ప వరం. రక్తాన్ని గిరగిర త్రిప్పి వేరుచేసే యంత్రం వద్దు, మంచుపెట్టె వద్దు. తపాలా కవరు చాలు. అయితే ఆరబెట్టడంలోనే అసలు మెలకువ ఉన్నది. కార్డును నీడలో, గది వేడిమిలో, బల్లపరుపుగా కనీసం 3 గంటలు ఆరనివ్వాలి. త్వరగా ఆరుతుందని ఎండలో పెట్టరాదు. తడిగానే ప్లాస్టిక్ సంచిలో వేయరాదు. ప్రయోగశాల కత్తిరించేది 3.2 మిల్లీమీటర్ల బిళ్ళను మాత్రమే. కనుక బొట్టు మీద బొట్టు వేస్తే అక్కడ రక్తం చిక్కనై, లేని రోగం ఉన్నట్లు తోచవచ్చును.

వేడిమి చేసే అపకారం మరీ విచిత్రమైనది. బయోటినిడేజ్ అనే ఎంజైము లోపించిన బిడ్డకు మూర్ఛలు, వినికిడి లోపం రావచ్చును. ముందుగా కనిపెడితే దినదినం బయోటిన్ విటమిన్ ఇచ్చి నివారించవచ్చును. ఈ ఎంజైము సుకుమారి. వేసవిలో వాహనంలో మగ్గిన కార్డులోను, జెద్దా వంటి సముద్రతీరపు ఉక్కలో నిలిచిన కార్డులోను అది నశిస్తుంది. అప్పుడు ఆరోగ్యవంతుడైన బిడ్డ రోగిగా కనిపిస్తాడు! అందుచేతనే, గెలాక్టోసీమియాను పట్టిచ్చే ఎంజైము కూడా అదే కార్డులో తగ్గి ఉంటే నిపుణులు ముందుగా ఎండనే అనుమానించి, మరల రక్తం కోరుతారు. ఆ కబురు రోగనిర్ధారణ కాదు. అయినా ఆలస్యం తగదు.

ఎందుకనగా కొన్ని వ్యాధులు వేచి ఉండవు. మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి తీవ్రరూపంలో ఉన్న శిశువు నాలుగైదు రోజులకే పాలు త్రాగక మగతలోకి జారుతుంది. మరికొద్ది దినాలలో స్పృహ తప్పవచ్చును. అటువంటి బిడ్డ కార్డు వారాంతపు సెలవులలో ఆసుపత్రి సొరుగులో నిలిచిపోతే, రియాద్‌లో ఎంత మేటి యంత్రమున్నా ఆ రెండు రోజులను తిరిగి తేలేదు.