నీళ్లలో వెలుగు నెమ్మదిస్తే కాలమూ నెమ్మదిస్తుందా?



సైన్సు చదివే పిల్లలున్న సంఘాల్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "అయ్యగారూ, వెలుగు వేగానికి దగ్గరగా వెళ్తే కాలం నెమ్మదిస్తుందంటారు. నీళ్లలో వెలుగే నెమ్మదిస్తుంది కదా, మరి అక్కడ కాలం సంగతేమిటి?" అడిగిన పిల్లవాణ్ణి కూర్చోమనడం తేలిక. కాని అది తెలివైన ప్రశ్న, దానికి స్పష్టమైన జవాబూ ఉంది. ఈ వారం దానినే చూద్దాము.

ముందు వెలుగు సంగతి. శూన్యంలో వెలుగు సెకనుకు 2,99,792 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. నీటిలో ఆ వేగం సుమారు 2,25,000కు, గాజులో సుమారు 2,00,000కు తగ్గుతుంది. కొల్లేటిలో దోనె నడిపేవారికి దీని ఫలితం తెలిసినదే. నీళ్లలోకి దించిన గెడ నీటిమట్టం దగ్గర విరిగినట్టు కనబడుతుంది. చేప తానున్న లోతుకంటే పైనున్నట్టు అనిపిస్తుంది. వెలుగు నీటిలోనుండి గాలిలోకి వచ్చేటప్పుడు వేగం మారి, దారి వంగడమే దీనికి కారణం.

వెలుగు ఎందుకు నెమ్మదిస్తుంది? వెలుగు ఒక విద్యుదయస్కాంత తరంగం. అది నీటిలో ప్రవేశించి అక్కడి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు తామూ తరంగాలను పుట్టిస్తాయి. ఇవన్నీ కలిసి ఏర్పడే తరంగం తక్కువ వేగంతో ముందుకు సాగుతుంది. నీటిని దాటి బయటికి రాగానే వెలుగు మళ్లీ వెనుకటి వేగంతోనే పోతుంది. ఈ ఆలస్యమంతా వెలుగుకూ పదార్థానికీ మధ్య జరిగే వ్యవహారమే. కాలానికి ఇందులో పాత్ర లేదు.

ఇక కాలం సంగతి. కదిలే గడియారం, నిలబడి చూసేవారి లెక్కలో, నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చూపించాడు. ఎంత నెమ్మది అనేది గడియారపు వేగం 2,99,792 కిలోమీటర్ల హద్దులో ఎన్నో వంతు అన్నదానిపై ఆధారపడుతుంది. ఆ హద్దును 'వెలుగు వేగం' అని పిలవడం వల్లనే చిక్కు వస్తోంది. నిజానికి అది సృష్టిలో ఏ వస్తువూ దాటలేని హద్దు. శూన్యంలో వెలుగు ఆ హద్దు వేగంతో పోతుంది. నీటిలో వెలుగు వెనుకబడినా హద్దు మాత్రం కదలదు.

దీనికి కంటికి కనబడే రుజువుంది. ట్రాంబేలో 1956లో పని మొదలుపెట్టిన అప్సర వంటి కొలను రియాక్టర్లలో నీళ్లు నీలంగా వెలుగుతాయి. అక్కడి కొన్ని ఎలక్ట్రాన్లు నీటిలోని వెలుగుకంటే వేగంగా పరుగెత్తడమే ఆ నీలికాంతికి కారణం. అవి దాటింది నీటిలోని వెలుగు వేగాన్నే, అసలు హద్దును కాదు. కాలం లెక్క నీటిలోని వెలుగు వేగంపై ఆధారపడి ఉంటే, ఈ ఎలక్ట్రాన్ల విషయంలో ఆ లెక్కకు అర్థమే ఉండదు.

ఈ రెండు సంగతులూ వేర్వేరని మన చేతిలోని ఫోను కూడా సాక్ష్యమిస్తుంది. దారి చూపే ఉపగ్రహాల మీద అణు గడియారాలుంటాయి. మన దేశపు నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోటనుండే ఎగిరింది. అమెరికావారి జీపీఎస్ గడియారాలు తమ వేగం వల్ల రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనుకబడతాయి. భూమి ఆకర్షణ అక్కడ తక్కువ గనుక సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. రెండూ కలిపి 38 మైక్రోసెకన్లు ముందు. ఈ తేడాను సరిచేయకపోతే దూరపు లెక్కలో రోజుకు 11 కిలోమీటర్లకు పైగా తప్పు చేరుతుంది. నాలుగైదు రోజుల్లో అది ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్యనున్నంత దూరమవుతుంది.

అదే ఉపగ్రహం పంపిన సంకేతం పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరను దాటేటప్పుడు కొంత ఆలస్యమవుతుంది. ఇది పదార్థం వల్ల కలిగే ఆలస్యం. దీనిని ఇంజనీర్లు రెండు ఫ్రీక్వెన్సీలను పోల్చి వేరే లెక్కతో సరిచేస్తారు. గడియారానికి ఒక సవరణ, దారికి మరొక సవరణ.

తాడేపల్లిగూడెంలో ఎక్కిన రైలు భీమడోలు దగ్గర సిగ్నల్ కోసం ఆగిందనుకోండి. ఏలూరుకు ఆలస్యంగా చేరుతాము, అంతమాత్రాన చేతిగడియారం ఆలస్యంగా నడిచినట్టు కాదు. నీటిలో వెలుగు ఆలస్యం అటువంటిదే.

ప్రసంగాల్లో ఐన్‌స్టీన్ పేరు ఎత్తే సేవకులకు ఒక మనవి. రెండవ పేతురు మూడవ అధ్యాయంలోని దినము, వేయి సంవత్సరముల మాట దేవుని దీర్ఘశాంతమును గూర్చినది. దానిని నిలబెట్టడానికి వెలుగు వేగపు లెక్కలు అవసరం లేదు. తప్పు లెక్కతో నిలబెట్టబోతే, ఇంటర్ భౌతికశాస్త్రం చదివిన పిల్లవాడు వెనుక బెంచీలో కూర్చుని ఆ తప్పు పట్టుకుంటాడు. పైకి ఏమీ అనడు. అయితే తరువాత మనం చెప్పే సత్యాన్ని కూడా అదే అనుమానంతో వింటాడు.

సండేస్కూలులో ఈ ప్రశ్న వస్తే ఒక గాజుగ్లాసులో నీళ్లు పోసి పెన్సిలు పెట్టి చూపించండి. వెలుగు వంగింది, పెన్సిలు వంగలేదు, గోడమీది గడియారం ఎప్పటిలాగే నడుస్తోందని చెప్పండి. ఆ తరువాత వచ్చే ప్రశ్నకు జవాబు తెలియకపోతే, తెలుసుకొని వచ్చే ఆదివారం చెప్తానని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.