చేతులు మారిన పాటలు

చప్పట్ల పాటలు రెండు రకాలు. పసిపిల్లల చేతులు పట్టుకుని పెద్దవాళ్లు ఆడించేవి మొదటి రకం. మన తారంగం ఇలాంటిదే. ఇంగ్లిష్‌లో ఇదే కోవకు చెందిన ‘ప్యాట్-ఎ-కేక్’ 1698 నాటి థామస్ డర్ఫీ నాటకం ‘ది క్యాంపెయినర్స్’లోనే దాది నోట వినిపిస్తుంది. పెద్దల ప్రమేయం లేకుండా పిల్లలు తోటిపిల్లల దగ్గర నేర్చుకునేవి రెండో రకం. ఇద్దరు ఆడపిల్లలు ఎదురెదురుగా నిలబడి అట్లనూ ముత్యాలనూ రత్నాలనూ తలుచుకుంటూ అరచేతులు కలిపే చెమ్మచెక్క ఇందులోకి వస్తుంది. దేశదేశాలూ తిరిగినవి ముఖ్యంగా ఈ రెండో రకం పాటలే.

ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో వీటికి ఇప్పుడున్న లయను ఇవ్వడంలో పెద్ద వాటా ఆఫ్రికన్ అమెరికన్ ఆడపిల్లలది. ఆ లయ వెనుక చేదు చరిత్ర ఉంది. 1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో నది దగ్గర బానిసలు డప్పులు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం వాళ్లకు డప్పులు, కొమ్ముబూరలు లేకుండా చేసింది. వాద్యం లేనిచోట ఒంటిమీదే దరువు వేసుకున్నారు. మోకాళ్లమీద, అరచేతులమీద, భుజాలమీద చరుస్తూ, కాలితో తాళం వేస్తూ పాడే ‘జూబా’ను సాలమన్ నార్తప్ 1853లో అచ్చయిన తన బానిస జీవిత కథలో వర్ణించాడు. జార్జియా తీరద్వీపాల గాయని బెస్సీ జోన్స్, బెస్ లోమాక్స్ హాస్‌తో కలిసి 1972లో తెచ్చిన ‘స్టెప్ ఇట్ డౌన్’ పుస్తకంలో ఆ దరువుతో పాటే పిల్లల చప్పట్ల ఆటలూ చోటు చేసుకున్నాయి.

ఇవన్నీ తాతలనాటి పాటలేనని అనుకుంటాం కానీ, చాలావాటికి సినిమా పాటల వయసే. అమెరికాలో పేరుపొందిన ఒక చప్పట్ల పాటకు మూలం 1940లో శాక్సీ డోవెల్ రాసిన ‘ప్లేమేట్స్’. దాని బాణీ 1904 నాటి ‘అయోలా’ నుంచి తీసుకున్నదని అసలు స్వరకర్త దావా కూడా వేశాడు. 1965లో షర్లీ ఎల్లిస్ ‘ది క్లాపింగ్ సాంగ్’ పాడింది. చప్పట్లు ఎలా కొట్టాలో పాటలోనే చెప్పింది కాబట్టి గురువు అవసరం లేకపోయింది. రికార్డు అట్లాంటిక్ దాటగానే బ్రిటన్ బడి ఆవరణల్లోనూ ఆ ఆట మొదలైంది. జపాన్ పిల్లలైతే ‘యాంకీ డూడుల్’ బాణీకి తమ ఆల్ప్స్ పర్వతాల మాటలు తగిలించి చప్పట్లు కొడతారు.

ఇలా తిరిగేటప్పుడు మాటలు అరిగి అర్థం లేని శబ్దాలైపోతాయి. తాళం మాత్రం చెక్కుచెదరదు. మాట తప్పినా ఆట సాగుతుంది, చెయ్యి తప్పితే ఆగిపోతుంది మరి.

అచ్చయిన పాట ఆటస్థలానికి వెళ్లినట్టే, ఆటస్థలం నుంచి పాట మార్కెట్‌కూ వస్తుంది. ‘ది గేమ్స్ బ్లాక్ గర్ల్స్ ప్లే’ (2006) పుస్తకంలో కైరా గాంట్ వాదన ఇదే. ర్యాపర్ నెల్లీ 2000లో పాడిన ‘కంట్రీ గ్రామర్’ పల్లవి ఆడపిల్లల చప్పట్ల ఆట నుంచి తీసుకున్నదే. పాట లక్షల్లో అమ్ముడైంది. ఆటను పుట్టించిన పిల్లలెవరో ఎక్కడా నమోదు కాలేదు.