ఆయిల్ తాగే ఇంజను

అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరం మహాకవి గురజాడ అప్పారావు జన్మస్థలంగా తెలుగువారికి సుపరిచితం. సర్వసిద్ధి రాయవరం దాని పూర్తి పేరు. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేంతవరకు ఈ మండలం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి ఈ మండలం గుండా సాగుతుంది. ఆ రహదారి మీది అడ్డరోడ్డు కూడలి నుండి లోపలి గ్రామాలకు మనుషులనూ సరుకులనూ చేరవేసే వాహనాలలో కొత్తవాటితోపాటు, చేతులు మారి, లక్షల కిలోమీటర్లు తిరిగినవి కూడా ఉంటాయి. అటువంటి బండి యజమాని నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: “ఇంజను ఆయిల్ తాగుతోంది.”

తెల్లవారి బండి తీయగానే వెనుక గొట్టం నుండి నీలిరంగు పొగ వస్తుంది. పది రోజుల క్రితం నిండుగా ఉన్న ఆయిల్ గేజి పుల్ల అడుగుకు దిగిపోతుంది. దుకాణానికి వెళితే చిక్కటి ఆయిల్ పోయమని ఒకరు, ఖరీదైన సింథటిక్ పోయమని మరొకరు, ఎలాగూ కాలిపోయేదే కనుక చవకది చాలునని ఇంకొకరు సలహా ఇస్తారు. ఒక్క బండి మీద బతికే కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఇంజను పట్టివేస్తే మరమ్మతు ఖర్చుతోపాటు అన్ని రోజుల సంపాదన కూడా పోతుంది. ఏ ఆయిల్ పోయాలో నిర్ణయించడానికి ముందు, పోసిన ఆయిల్ ఎక్కడికి పోతున్నదో తెలియాలి.

ఇంజనులోని పిస్టన్ నిమిషానికి మూడువేల చుట్ల వేగంలో సెకనుకు యాభైసార్లు కిందికీ పైకీ కదులుతుంది. ఇనుము ఇనుముతో ఒరుసుకొనకుండా వాటి నడుమ నిలిచేది పలుచని ఆయిల్ పొర. పిస్టన్ చుట్టూ సాధారణంగా మూడు రింగులు ఉంటాయి. పై రెండూ ముఖ్యంగా మంటలోని వాయువుల ఒత్తిడిని ఆపుతాయి. మూడవది ఆయిల్ రింగు. సిలిండరు గోడకు కావలసినంత పొరను మాత్రమే ఉంచి, మిగిలినదానిని గీరి కిందికి దింపడం దాని పని. ఏళ్ళు గడిచేకొద్దీ సిలిండరు గోడ అరిగి గుండ్రదనం కోల్పోతుంది. రింగులు సాగుడు తగ్గి బిగువు వీడుతాయి. కొన్ని ఇంజనులలో రింగులు అరగకపోయినా, వాటి గాడిలో మసి గట్టిపడి కదలకుండా అతుక్కుపోతాయి. ఈ రెండింటి ఫలితం ఒకటే: గీరవలసిన ఆయిల్ గోడ మీదనే మిగిలి, ప్రతి మంటలోనూ కొంత కొంత కాలిపోతుంది.

ఆయిల్ మంటలోకి చేరే మరో ద్వారం పైన ఉన్నది. వాల్వు కాడల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు వేడికి గట్టిపడి బీటలు వారితే, రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో ఆయిల్ బొట్టుబొట్టుగా లోపలికి జారుతుంది. ఉదయం తాళం తిప్పగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోతే సీళ్ళను అనుమానించాలి. బరువుతో మెరక ఎక్కేటప్పుడు పొగ పెరుగుతుంటే రింగులను అనుమానించాలి. టర్బో ఉన్న డీజిల్ ఇంజనులో టర్బో సీలు కూడా దొంగ కావచ్చు. పొగ రంగును పోల్చుకొనడంలోనూ పొరపాటు జరుగుతుంది. నల్లపొగ ఇంధనం సరిగా కాలకపోవడానికి గుర్తు. తెల్లపొగ నీటి ఆవిరి కావచ్చు, చల్లటి డీజిల్ ఇంజనులో కాలని ఇంధనం కావచ్చు. అసలు పొగే లేకుండా ఆయిల్ తగ్గుతుంటే బండి నిలిపిన చోట నేలను చూడాలి. కారిపోయే ఆయిల్‌ను కాలిపోయే ఆయిల్‌గా భావించి ఇంజను విప్పించినవారూ లేకపోలేదు. గాస్కెట్టు మారిస్తే సరిపోయేదానికి అంత ఖర్చు!

ఇక ఆయిల్ డబ్బా మీది అంకెల సంగతి. ద్రవం ప్రవహించకుండా అడ్డుకొనే గుణాన్ని స్నిగ్ధత అంటారు. బెల్లం వండే చోట దీనిని కంటితో చూడవచ్చు. పెనంలో మరుగుతున్న పాకం జారుగా కదులుతుంది. చల్లారేకొద్దీ అదే పాకం గరిటెను పట్టుకొంటుంది. ఆయిల్ స్వభావమూ అటువంటిదే. వేడిలో పలుచబడుతుంది, చలిలో చిక్కబడుతుంది. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఈ గుణాన్ని బట్టి ఆయిళ్ళను వర్గీకరించింది. ఆ సంఘం పేరులోని పొడి అక్షరాలే డబ్బా మీద కనిపించే ఎస్.ఎ.ఇ. ‘15డబ్ల్యు-40’ అన్నప్పుడు డబ్ల్యు శీతకాలాన్ని సూచిస్తుంది. దాని ముందరి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. వెనుకటి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాని చిక్కదనాన్ని చెబుతుంది. ఆ వేడిలో 30 గ్రేడు స్నిగ్ధత 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల వరకు, 40 గ్రేడుది 12.5 నుండి 16.3 వరకు, 50 గ్రేడుది 16.3 నుండి 21.9 వరకు ఉంటుంది.

15డబ్ల్యు ఆయిల్‌ను సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో, 20డబ్ల్యు ఆయిల్‌ను సున్నాకు దిగువన 15 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. కోస్తాలో అటువంటి చలి ఊహకైనా అందదు. కాబట్టి ఎస్. రాయవరంలో తిరిగే పాత బండికి మొదటి అంకె కన్న రెండవ అంకె ముఖ్యం. బండి పుస్తకం 30, 40 గ్రేడులు రెండింటినీ అనుమతిస్తే, ఆయిల్ తాగే ఇంజనుకు 40 ఎన్నుకొనడం సమంజసం. చిక్కటి ఆయిల్ అరిగిన సందుల గుండా కొంత నెమ్మదిగా జారుతుంది, ఆయిల్ ఒత్తిడి కొంత నిలబడుతుంది. ఒక మెట్టు పైకి వెళ్ళడం వరకు ఇది మంచి ఉపాయమే.

అయితే ఒక మెట్టు మేలు చేసింది కదా అని మూడు మెట్లు ఎక్కడం మేలు కాదు. మితిమీరి చిక్కనైన ఆయిల్ ఉదయం వేళ పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. ఇంజను అరుగుదలలో గణనీయమైన భాగం ఆ మొదటి క్షణాలలోనే జరుగుతుంది. సన్నని ఆయిల్ దారులు గల నేటి ఇంజనులకు, టర్బోలకు అది మరీ చేటు. ఇంధనమూ ఎక్కువ ఖర్చవుతుంది. పైగా రింగులు మసితో అతుక్కుపోయిన ఇంజనుకు చిక్కదనం ఏమీ చేయలేదు. దానికి కావలసింది మసిని కరిగించి తనలో నిలుపుకొనే శుభ్రకారకాలు గల మంచి ఆయిల్, దానిని గడువుకు ముందే మార్చే ఓపిక. పొగ ఆపుతామంటూ విడిగా అమ్మే జిగురు మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అవి రోగాన్ని దాచగలవు, బండి అమ్మజూపేవారికి ఉపకరించగలవు, నడిపేవారికి కాదు.

ఆయిల్ తగ్గడానికి ఆవిరైపోవడం కూడా ఒక కారణం. దీనిని కొలిచే నోయాక్ పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల వద్ద ఒక గంట ఉంచి, ఎంత బరువు తగ్గిందో చూస్తారు. నేటి పెట్రోలు ఇంజను ప్రమాణాలలో ఈ నష్టం నూటికి 15 పాళ్ళు మించకూడదు. సింథటిక్ ఆయిళ్ళలో ఇది సాధారణంగా తక్కువ. అందువల్ల సింథటిక్ పోస్తే తప్పక ఎక్కువ కాలిపోతుందనే నమ్మకం సరికాదు. కాని వెయ్యి కిలోమీటర్లకు లీటరు తాగే ఇంజనులో అత్యంత ఖరీదైన సింథటిక్ పోయడం చిల్లుకుండలో పాలు పోయడమే. సరైన ప్రమాణం గల మామూలు మినరల్ ఆయిల్ ఆ బండికి చాలు.

సరైన ప్రమాణమేదో డబ్బా మీది ఎ.పి.ఐ. అక్షరాలు చెబుతాయి. అమెరికన్ పెట్రోలియం సంస్థ నిర్ణయించిన ఈ గుర్తులలో ‘ఎస్’తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజనులకు, ‘సి’తో మొదలయ్యేవి డీజిల్ ఇంజనులకు. 2010లో వచ్చిన ఎస్.ఎన్., 2020లో వచ్చిన ఎస్.పి. మొదటి తెగవి. 2002 నాటి సి.ఐ.-4, 2016 నాటి సి.కె.-4 రెండవ తెగవి. పొగ వడపోత గల భారత్ స్టేజ్-6 డీజిల్ బండిలో బూడిద తక్కువ ఇచ్చే ఆయిలే వాడాలి. లేకపోతే కాలిన ఆయిల్ తాలూకు బూడిద వడపోతను పూడ్చివేస్తుంది. గేరుబండి మోటారు సైకిళ్ళలో క్లచ్చి కూడా ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కనుక, వాటికి కారు ఆయిల్ కాక జపాన్ ప్రమాణమైన జాసో ఎమ్.ఎ. గుర్తుగలది కావాలి. పాతకాలపు టూ స్ట్రోకు ఆటో విషయం వేరు. అందులో ఆయిల్‌ను పెట్రోలుతో కలిపి కాల్చడమే పద్ధతి, ఆ నీలిపొగ జబ్బు కాదు.

ఎక్కువ తిరిగిన బండ్ల కోసమే ప్రత్యేకించిన ఆయిల్‌ను 2000లో అమెరికాలో వాల్వొలిన్ సంస్థ విడుదల చేసింది. 75,000 మైళ్ళు, అంటే సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటిన ఇంజనులు దాని లక్ష్యం. ఇటువంటి ఆయిళ్ళలో గట్టిపడిన రబ్బరు సీళ్ళను కొద్దిగా మెత్తబరచి ఉబ్బించే ద్రవ్యాలు ఉంటాయి. సీళ్ళ వద్ద లోపముంటే కొంత గుణం కనిపిస్తుంది. చిరిగిన సీలును అవి అతకలేవు, అరిగిన సిలిండరును పూడ్చలేవు.

ఏ ఆయిల్ పోసినా ప్రమాదం పొంచి ఉండేది మట్టం వద్ద. గేజి పుల్ల మీది పై గీతకూ కింది గీతకూ మధ్య చాలా బండ్లలో సుమారు ఒక లీటరు తేడా ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు తాగే వ్యాను రోజుకు 120 కిలోమీటర్లు తిరిగితే, ఎనిమిది రోజులు దాటగానే పై గీత నుండి కింది గీతకు చేరుతుంది. నెలకొకసారి చూచే అలవాటున్న యజమాని ఆ నెల ముగిసేలోగానే బేరింగులు కాల్చుకొంటాడు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకు పుల్ల తుడిచి చూడాలి. పై గీత దాటించి పోయడమూ తప్పే. క్రాంకు తగిలి ఆయిల్ నురగ కడుతుంది, మరింతగా పైకెగసి కాలుతుంది. రోజూ కొత్త ఆయిల్ పోస్తున్నామని పాతదానిని మార్చకపోవడం మరొక పొరపాటు. మసి, ఆమ్లాలు అడుగున మిగిలే ఉంటాయి.

పెట్రోలు ఇంజనులో మెకానిక్ ముందుగా కంప్రెషన్ కొలిచి, తక్కువగా ఉన్న సిలిండరులో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్ళీ కొలుస్తాడు. అంకె పెరిగితే లోపం రింగులది. పెరగకపోతే వాల్వులనో గాస్కెట్టునో చూడాలి. సీళ్ళ మార్పు చాలా బండ్లలో ఇంజను దింపకుండానే అయ్యే పని. బోరు అరిగితే లేతు పని, పెద్ద సైజు పిస్టన్లు తప్పవు. ఆ ఖర్చు ఇప్పుడే పెట్టాలా, మరో ఏడాది ఆయిల్ పోస్తూ నెట్టుకురావచ్చునా అన్నది ఆయిల్ తాగే వేగం తేలుస్తుంది. అందుకు తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిల్ కొలత రాసుకొన్న చిన్న పుస్తకం చాలు. నెల నెలకూ కొలత ఒకేలా ఉంటే ఇంకొంతకాలం ఆగవచ్చు. అర లీటరు లీటరై, లీటరు రెండైతే బండిని ఎలమంచిలి షెడ్డుకో, అనకాపల్లి షెడ్డుకో తోలవలసిన రోజు వచ్చినట్లే.