అగ్గిపుల్లంటే భయం

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఏళ్ల తరబడి ఆ వరసల మీద వంగి వంగి నా నడుము పట్టేసిందిగాని అలవాటు మాత్రం పోలేదు. ఇంజనీరింగ్ గైడ్లూ, అట్టలూడిన నవలలూ, ఎవరో ఎవరికో ప్రేమతో అని రాసిచ్చిన నిఘంటువులూ దాటుకుంటూ పోతే పిల్లల పుస్తకాల గుట్ట వస్తుంది. ఆ గుట్టలోనే ఒకసారి ‘ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్’ దొరికింది. కుర్రాడు యాభై అన్నాడు, ముప్ఫైకి ఇచ్చాడు. మనవరాలికని కొన్నాను. ముందు నేనే చదివాను.

అమెరికాలో ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన ఆ కథ 1900లో అచ్చయింది. డొరతీ అనే పిల్ల సుడిగాలికి ఇంటితో సహా ఎగిరి వేరే దేశంలో పడుతుంది. దారిలో మొక్కజొన్న చేలో కర్రకు గుచ్చి నిలబెట్టిన దిష్టిబొమ్మ ఆ పిల్లకు కన్నుకొడుతుంది. కిందికి దింపితే కబుర్లు మొదలుపెడుతుంది. తనను మొన్ననే తయారు చేశారట. రైతు ముందుగా చెవులు గీశాడు గనక, కళ్లు రాకముందే మాటలు వినిపించాయట. మొదట్లో పిట్టలు జడిశాయి. ఒక ముసలి కాకి మాత్రం భుజం మీద వాలి, ఇది ఉత్త గడ్డేనని కనిపెట్టేసింది. కనిపెట్టి ఊరుకోకుండా, తలలో మెదడొకటి ఉంటే నువ్వూ మనిషివేనని ఓదార్చి పోయింది. కాకిని తోలడానికి పెట్టిన బొమ్మకు కాకే గురువైంది. అప్పట్నుంచి తనకు మెదడు కావాలని బొమ్మ పట్టు.

దానికి తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, కిందపడినా నొప్పి లేదు. లోకంలో అది భయపడేది ఒక్కదానికే. వెలిగించిన అగ్గిపుల్లకు.

అక్కడ పుస్తకం మూసేశాను. ముప్ఫై ఏళ్లు నా ఉద్యోగం ఆ అగ్గిపుల్ల చుట్టూనే తిరిగింది మరి.

ఒక దినపత్రికలో సిటీ పేజీ చూసేవాణ్ని. సాయంత్రం ఏడయ్యేసరికి ఫొటోలు వచ్చి పడేవి. వాటిలో ఒకటైనా దిష్టిబొమ్మ దహనం ఉండేది. అబిడ్స్ పక్కనే ఉన్న నాంపల్లి భూగోళమే అలాంటిది. కాంగ్రెస్ వాళ్ల గాంధీభవన్ అక్కడే, బీజేపీ రాష్ట్ర కార్యాలయం అక్కడే, పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని అసెంబ్లీ. 1907 నాటి రైల్వే స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఎవరో ఒకరిని తిట్టే చోటు వస్తుంది. ఇటు వస్తే అబిడ్స్ చౌరస్తా. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో ఒకే రాత్రి మూడు దహనాలకు మూడు రకాల వ్యాఖ్యలు రాయలేక తల గోక్కున్నవాణ్ని నేను. ‘దహనం చేస్తున్న కార్యకర్తలు’, ‘తగలబెడుతున్న నాయకులు’, ‘నిప్పంటిస్తున్న దృశ్యం’. అంతకుమించి మాటలు లేవు.

కానీ అచ్చులో రానిదే అసలు నాటకం. మా ఫొటోగ్రాఫర్ తిరిగొచ్చి చాయ్ తాగుతూ చెప్పేవాడు. పాత ప్యాంటూ చొక్కా తెస్తారు, గడ్డి కుక్కుతారు, తలకు గుడ్డమూట, దానిమీద నాయకుడి ఫొటో. ఊళ్లో గడ్డి ఊరికే దొరుకుతుంది. నగరంలో దానికీ డబ్బు పెట్టాలి. కొందరు పాడె కట్టి, డప్పులు పెట్టి, శవయాత్ర తీస్తారు. ఏడ్చేవాళ్లు కూడా ఉంటారు, నవ్వు ఆపుకుంటూ. అంతలో పోలీసులు వస్తారు. పోలీసుల లక్ష్యం మనుషులు కాదు, బొమ్మ. ఒక కానిస్టేబుల్ కాళ్లు పట్టుకుంటాడు, ఒక కార్యకర్త చేతులు పట్టుకుంటాడు, నడుమ ముఖ్యమంత్రి రెండు ముక్కలవుతాడు. ప్యాంటు ఒకరి చేతిలో, చొక్కా ఇంకొకరి చేతిలో. కెమెరాలు ఇంకా రాలేదంటే కాసేపు ఆగుతారు కూడా. ఒకసారి కానిస్టేబుల్ బొమ్మను చంకన పెట్టుకుని ట్రాఫిక్‌లో పరిగెత్తాడట. వెనకాల పాతికమంది. బస్సులో జనం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారని మావాడు చెప్పాడు. నాకు ఆ ఫొటోయే కావాలన్నాను. పరిగెత్తడంలో తీయలేకపోయాడు.

ఇంగ్లిషువాళ్లకు చేలో నిలబెట్టేదానికి ఒక మాట, వీధిలో కాల్చేదానికి ఇంకో మాట. మనకు రెండూ దిష్టిబొమ్మే. పుస్తకాల్లో ‘బెదురుబొమ్మ’ అని రాస్తారు. మా నల్లగొండ వైపు పల్లెలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. దృష్టి దిష్టి అయింది, దిష్టి తీసే బొమ్మ చేలో పిట్టలకూ అదే, కట్టే ఇంటి ముందు పక్కింటివాళ్ల కళ్లకూ అదే. నరదిష్టికి నాపరాళ్లు పగులుతాయని మనకు నమ్మకం గనక, పిట్ట కన్నా మనిషి కన్నే ఎక్కువ ప్రమాదం. ఆ నోరులేని జీవికే రాజకీయాల్లోనూ పని అప్పజెప్పాం.

మా తాత జొన్నచేలో కట్టిన దిష్టిబొమ్మ నాకింకా గుర్తే. రెండు కర్రలు అడ్డంగా నిలువుగా కట్టి, మసి పట్టిన కుండ బోర్లించి, దానికి సున్నం బొట్లతో కళ్లు, పళ్లు. చొక్కా మాత్రం తాతదే. దూరం నుంచి చూస్తే తాతే నిలబడ్డట్టుండేది. నాలుగు రోజులు పిట్టలు దగ్గరికి రాలేదు. ఐదో రోజు కుండ మీద కాకి కూర్చుంది. కదలని దేన్నైనా పిట్టలు అంతే, కొద్ది రోజుల్లో లెక్కచేయడం మానేస్తాయి. తెలిసిన రైతులు చోటు మారుస్తుంటారు. లేదంటే మంచె ఎక్కి వడిసెల తిప్పాల్సిందే, గొంతు పోయేలా అరవాల్సిందే. ఆ పని నాది. క్యాసెట్ల కాలం పోయాక మా ఊళ్లో ఇంకో ఉపాయం వచ్చింది. పాడైన క్యాసెట్లలోంచి టేపు లాగి చేనుచుట్టూ కట్టేవాళ్లు. ఎండకు తళతళ, గాలికి జుయ్‌మని మోత. సినిమా పాటలు దిష్టిబొమ్మ ఉద్యోగంలో చేరడం అలా నా కళ్లముందే జరిగింది.

బయటి దేశాల్లో కథ తిరగబడింది. అక్కడ దిష్టిబొమ్మే సినిమాలో చేరింది. బామ్ కథ 1903లో న్యూయార్క్ నాటకశాలకు వచ్చినప్పుడు ఫ్రెడ్ స్టోన్ అనే నటుడు ఒళ్లంతా గడ్డి అన్నట్టు తూలుతూ పడుతూ గంతులేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయనంటే ప్రాణమైన రే బోల్జర్‌కు 1939 సినిమాలో ముందు రేకు మనిషి వేషం ఇచ్చారు. ససేమిరా అని దిష్టిబొమ్మ వేషమే మార్పించుకున్నాడు. ఆ రేకు వేషం బడ్డీ ఎబ్సన్‌కు పోయింది. ముఖానికి పూసిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లో చేరి ఆయన ఆస్పత్రి పాలయ్యాడు. గడ్డే నయమన్నమాట. 1978లో అదే కథను నల్లజాతి నటులతో ‘ద విజ్’ పేరుతో తీస్తే దిష్టిబొమ్మ మైకేల్ జాక్సన్. ఆ ఒళ్లు విరుపులకు అంతకన్నా తగినవాడెవరు?

అబిడ్స్ గుట్టల్లో బ్యాట్‌మ్యాన్ కామిక్కులు తిరగేసినవాళ్లకు ఇంకో దిష్టిబొమ్మ తెలుసు. జొనథన్ క్రేన్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు, 1941లో పుట్టిన విలన్. కాకుల్ని వదిలేసి మనుషుల్ని భయపెడతాడు. 2005 సినిమాలో ఆ గోనెసంచి ముసుగు తొడుక్కున్న కిలియన్ మర్ఫీయే ‘ఓపెన్‌హైమర్’కు 2024లో ఆస్కార్ అందుకున్నాడు. జపాన్‌వాడైన మియజకి 2004లో తీసిన ‘హౌల్స్ మూవింగ్ క్యాజిల్’లో టర్నిప్ దుంపలాంటి తలతో ఒంటికాలి మీద గెంతే బొమ్మ చివరికి రాజకుమారుడవుతుంది. ఆ దేశానికి ఇది కొత్తకాదు. 712 నాటి ‘కొజికి’ పురాణంలో కుయెబికో అనే దిష్టిబొమ్మ దేవుడున్నాడు. నడవలేడు, కానీ లోకంలో తెలియనిది లేదు. రోజంతా చేలో నిలబడి చూసేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వీటన్నిటిలో నాంపల్లికి దగ్గరి చుట్టం మాత్రం రష్యా సినిమా. 1984లో రోలన్ బికోవ్ తీసిన ‘చూచెలో’. ఆ మాటకు అర్థమే దిష్టిబొమ్మ. తాను చేయని తప్పు నెత్తినేసుకున్న ఒక పిల్లను తోటి పిల్లలు వెలివేస్తారు. ఆ పిల్ల గౌనే తొడిగి బొమ్మ కట్టి, ఆ పిల్ల కళ్లముందే తగలబెడతారు. ఆ దృశ్యం చూశాక మా పేజీలో నేను రాసిన వ్యాఖ్యలు గుర్తొచ్చాయి. బొమ్మకు నొప్పి లేదు సరే, ఎవరి ఫొటో అంటించారో వాళ్ల ఇంట్లో పిల్లలు మర్నాడు పేపరు చూస్తారన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

మన దగ్గర తారలు దిష్టిబొమ్మలుగా మారారు. 2018లో నెల్లూరు జిల్లా బండకిందిపల్లెలో ఒక రైతు కూరగాయల తోటకు సన్నీ లియోన్ ఫ్లెక్సీలు కట్టాడు. ‘ఒరేయ్, నన్ను చూసి ఏడవకురా’ అని రాయించాడు కూడా. దారినపోయేవాళ్లు పంటను వదిలేసి ఆమెను చూస్తారని ఆయన లెక్క. నవ్వుకున్నాంగాని, దిష్టిశాస్త్రం ప్రకారం అది నిక్కచ్చి పని. చూపును పక్కకు లాగడమేగా దిష్టిబొమ్మ ఉద్యోగం!

అయితే మనకు మాట్లాడే దిష్టిబొమ్మ లేనే లేదా? ఉంది, పేరే వేరు. పిట్టలదొర. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ కూడా అంటారు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన సొట్టపడ్డ టోపీ, భుజాన కట్టె తుపాకి. కర్ర మీంచి దిగొచ్చిన దిష్టిబొమ్మ ఇదే కదా అనిపిస్తుంది చూస్తే. పిట్టల్ని కాల్చే దొర అని పేరుగాని ఆ తుపాకితో ఈగ కూడా చావదు. పేలేది నోరే. లేని జాగీర్లు, కట్టని మేడలు, తెలుగూ ఉర్దూ కలిపిన కోతలు. వేటకొచ్చే దొరల వేషాన్నీ వాళ్ల దర్పాన్నీ వాకిట్లో నిలబడి వెక్కిరించిన కళ అది. ఓజ్ బొమ్మ మెదడు కావాలని అడుక్కుంటూ తిరిగింది. మనవాడు లోకమంతా నాదేనని చెప్పి పిడికెడు బియ్యం అడుక్కున్నాడు. నాకైతే ఇతనే తెలివైనవాడు. టీవీలో నవ్వించిన బిత్తిరి సత్తి హీరోగా 2019లో ‘తుపాకి రాముడు’ అని సినిమా కూడా వచ్చింది. పేరు తెర మీదికి ఎక్కింది, వాకిట్లో మనిషి మాత్రం తగ్గిపోయాడు.

ఒకాయన నాకు నాంపల్లిలోనే కనిపించాడు. 1946 నుంచి నుమాయిష్ జరుగుతున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ బయట, జనవరి చలిలో, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఖాకీ కోటు వచ్చి సలాం కొట్టింది.

“ఏం సాబ్, రైలుకొచ్చినవా? నాంపల్లి టేషన్ మనదే. రైళ్లు కిరాయికిచ్చిన, పట్టాలు మాత్రం ఇయ్యలే.”

మనవరాలు పకపకా నవ్వింది. “తాతా, ఈయనకు అగ్గిపుల్లంటే భయమా?” అని నా చెవిలో అడిగింది. పుస్తకం ఎప్పుడో చదివేసిందన్నమాట. ఆయనకు ఆ మాట వినిపించలేదు. వినిపిస్తే ఏం కోత కోసేవాడో. అప్పటికే బీడీ వెలిగించుకుంటున్నాడు.

జేబులో చిల్లర లేదన్నాను. తుపాకి మడమ నావైపు తిప్పాడు. దానికి క్యూఆర్ కోడ్ అట్ట కట్టి ఉంది. ఇరవై రూపాయలు కొట్టాను.