కొండను కంప్యూటరు తెరపైకి తెచ్చుట

చంద్రశేఖరపురం మండలములో, నల్లమల కొండల నడుమ భైరవకోన కలదు. అచ్చట కొండరాతిని తొలిచి ఎనిమిది శివాలయములు నిర్మించిరి. ఈ కొండను, గుహలను నలువైపుల నుండి త్రిప్పి చూచుటకు వీలుగా కంప్యూటరు తెరపై నిలుపవలెననుకొందము. అందుకు కొలతలు తీసి ఫైళ్లుగా దాచి, వానిని త్రిమితీయ రూపములు తయారుచేయు ప్రోగ్రాములోనికి ఎక్కింపవలెను. బ్లెండరు అట్టి ప్రోగ్రాములలో ఒకటి. అది ఉచితముగా లభించును. వస్తువులను తెచ్చి అమర్చు స్థలమును అందులో ‘దృశ్యము’ అందురు.

ఇంతకు ఫైలులో ఏమి యుండును? ఒ.బి.జె. అను రకపు ఫైలును తెరచి చదివినచో, పంక్తికి మూడు చొప్పున అంకెలు కనబడును. అవి ఒక బిందువు యొక్క నిరూపకములు. తరువాతి పంక్తులు ఏయే బిందువులను కలిపిన ఒక ముఖమగునో తెలుపును. అనగా ఫైలులో ఉన్నది కొండ కాదు, అంకెలు మాత్రమే. ఆ అంకెల అర్థము తెలియవలెనన్న మూడు ప్రశ్నలకు జవాబు కావలెను: కొలత ఏ ప్రమాణములో నున్నది? ఏ అక్షము పైకి చూచుచున్నది? మూలబిందువు ఎక్కడ?

మొదటిది ప్రమాణము. త్రిమితీయ ముద్రణకు వాడు ఎస్.టి.ఎల్. ఫైలులో ప్రమాణము వ్రాసి యుండదు. మూడు మీటర్ల ఎత్తుగల గుహను మిల్లీమీటర్లలో కొలిచిన 3,000 అని యుండును. ప్రోగ్రాము దానిని మీటర్లని తలచినచో గుహ మూడు కిలోమీటర్ల ఎత్తు లేచును! కొండల విషయములో చిక్కు మరింత వింతగా నుండును. 2005లో మన దేశము ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహము రెండు కెమెరాలతో, రెండు కోణముల నుండి నేలను చిత్రించెను. వాని నుండి లెక్కించిన భూమి ఎత్తులను హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రము అందించుచున్నది. ఇట్టి ఫైళ్లలో ఎత్తు మీటర్లలోను, అడ్డముగా దూరము అక్షాంశ రేఖాంశముల డిగ్రీలలోను ఉండును. ఒక కిలోమీటరు వెడల్పు, 300 మీటర్ల ఎత్తుగల కొండను తీసికొందము. దాని వెడల్పు డిగ్రీలలో సుమారు 0.009 మాత్రమే. మార్పు చేయక ఎక్కించినచో, వెడల్పుకంటె ఎత్తు 33 వేల రెట్లుగల సూది యొకటి నిలుచును. కావున ముందుగా డిగ్రీలను మీటర్లలోనికి మార్చుకొనవలెను.

రెండవది అక్షము. బ్లెండరులో మూడవ అక్షము పైకి చూచును. మరికొన్ని ప్రోగ్రాములలో రెండవది చూచును. ఈ తేడాను గమనింపనిచో నిలువుగా నుండవలసిన గోడ నేలపై పడుకొనును. జి.ఎల్.టి.ఎఫ్. అను కొత్త పద్ధతిలో ప్రమాణము మీటరనియు, పైకి చూచునది రెండవ అక్షమనియు నియమము చేసిరి.

మూడవది మూలబిందువు. సర్వే లెక్కలలో భైరవకోన భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 16,70,000 మీటర్ల దూరమున నున్నది. తెరపై బొమ్మ గీయునపుడు కంప్యూటరు సాధారణముగా ఒక్కొక్క సంఖ్యను 32 బిట్లలో నిలుపును. ఆ స్థలములో ఏడు అంకెలంత వరకే నికరముగా నిలుచును. ఇంత పెద్ద సంఖ్య దగ్గర రెండు వరుస విలువల నడుమ ఎడము పన్నెండున్నర సెంటీమీటర్లు. రాతిలో చెక్కిన ముక్కు, వ్రేళ్లు అంతకంటె చిన్నవి గదా! అవి మెట్లుమెట్లుగా విరిగిపోవును. అందుచేత కొండకు సమీపమున ఒక బిందువును ఎన్నుకొని, దాని నిరూపకములను అన్ని బిందువుల నుండి తీసివేయుదురు. మిగిలినవి చిన్న సంఖ్యలు గనుక శిల్పము చెదరదు. అయితే తీసివేసిన సంఖ్యను తప్పక వ్రాసి ఉంచవలెను. కొండ ఫైలుకు, గుహ ఫైలుకు అదే సంఖ్యను వాడినగాని గుహ తన చోట అమరదు.

ఈ సంగతిని కంప్యూటరు లేకయే తరగతిలో చూపవచ్చును. మార్కాపురం పలకనొకదానిని తీసికొని, దాని ఎనిమిది మూలల నిరూపకములను ఒక జట్టుచే వ్రాయింపుడు. ప్రమాణమును, అక్షములను చెప్పక, ఆ అంకెలను చూచి పలకను గీయుమని మరొక జట్టుకు ఇండు. గీసిన బొమ్మ ఎంత పెద్దదో, నిలుచున్నదో, పడుకొన్నదో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. అంకెతోపాటు దాని అర్థమును కూడ అందించినప్పుడే కొలత పూర్తియగును.