ప్రయోగశాలనుండి రోగిశయ్యకు

వైద్యకళాశాలలలో పుట్టిన జ్ఞానము రోగిశయ్యను చేరనంతవరకు నిష్ఫలమే. కలరా చరిత్రమే యిందులకు తార్కాణము.

1884లో జర్మను పండితుడగు కాక్ కలకత్తాలో కలరా క్రిమిని నిర్ధారించెను. అది ప్రాణముల నెట్లు హరించునో తేలుటకు మరి 75 ఏండ్లు పట్టెను. 1959లో కలకత్తా వైద్యకళాశాలాచార్యులు శంభునాథ్ డే గారు కుందేళ్ల ప్రేగులపై ప్రయోగములు సలిపి, క్రిమి వెలువరించు విషమే దేహములోని నీటిని ప్రేగులలోనికి లాగివేయునని నిరూపించిరి. చికిత్స యనగా పోయిన నీటిని, లవణములను తిరిగి చేర్చుటయే యని దీనిచే రూఢియైనది. గ్లూకోజు తోడైనచో ప్రేగులు ఉప్పునీటిని పీల్చుకొనునని పిమ్మట తేలగా, 1968లో ఢాకాలో రోగులకు త్రాగించి చూచిరి.

1971లో తూర్పుబెంగాలు కాందిశీకులు బంగావ్ శిబిరమునకు వెల్లువగా వచ్చిరి. సూదిద్వారా నెక్కించు ద్రవము చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనోబిస్ గారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపించి, బంధువులచేతనే రోగులకు త్రాగించిరి. నూటికి 30గా నున్న మరణములు 4కు లోబడెను.

నేడా పొడి ప్రతి మందులయంగడిలోను స్వల్పమూల్యమునకు లభించుచున్నది. అయినను మనదేశమున అతిసారముచే శిశువు లింకను మరణించుచున్నారు. శాస్త్రజ్ఞులు తమ ఋణము తీర్చుకొనిరి. ఆ పొట్లమును, శుభ్రమైన త్రాగునీటిని ప్రతి గడపకును చేర్చుట గ్రామపెద్దలకును పురపాలక సంఘములకును విధి యని మేము నొక్కి చెప్పుచున్నాము.