ఒంట్లో కాపలా... పెరట్లో తిప్పతీగ

అరికాల్లో తుమ్మముల్లు విరిగితే ఆ పూటకు పిన్నీసుతో తీసేసి, కాస్త పసుపు అద్ది పనిలో పడిపోతాం. తెల్లారేసరికి ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, సలపడం మొదలవుతుంది. రెండో రోజుకు చీము చేరుతుంది. ఆ తర్వాత గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ముల్లు దిగింది పాదంలో అయితే నొప్పి గజ్జల్లో ఎందుకని పిల్లలు అడుగుతారు. పుండు మానితే బిళ్ళ అదే కరిగిపోతుందని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ ప్రశ్నా సరైనదే, ఆ జవాబూ సరైనదే. రోగనిరోధక వ్యవస్థ గురించి పాఠ్యపుస్తకాలు వందల పేజీల్లో చెప్పే సంగతుల్లో సగం ఆ రెండు మూడు రోజుల్లో మన కాలి మీదే జరిగిపోతాయి.

ముల్లుతో పాటు సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళగానే అక్కడి కణాలు రసాయనాలు వదులుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎరుపు, వేడి, వాపు అందుకే. ఆ దారిన ముందుగా వచ్చి చేరేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు. ఎముక మజ్జ వీటిని రోజుకు దాదాపు 10,000 కోట్లు తయారుచేస్తుంది. వీటి ఆయుష్షు చాలా తక్కువ. బాక్టీరియాను మింగి, జీర్ణం చేసుకుని, ఆ పనిలోనే చచ్చిపోతాయి. మనం చీము అని నొక్కి తీసేసేది చాలావరకు ఆ చనిపోయిన కణాలనే.

ఇక బిళ్ళ సంగతి. గాయం దగ్గర డెండ్రైటిక్ కణాలనేవి ఉంటాయి. అవి సూక్ష్మజీవి తునకలను పట్టుకుని శోషరస నాళాల గుండా దగ్గర్లోని లింఫ్ గ్రంథికి చేరతాయి. కాలికి దగ్గరది గజ్జల్లో ఉంటుంది. అక్కడ టి, బి కణాలనే తెల్లరక్తకణాలు లక్షలాదిగా ఉన్నా, ఒక్కొక్కటి ఒక్కో ఆకారాన్నే గుర్తుపట్టగలదు. తెచ్చిన తునకకు సరిపోయే కణం ఒక్కటి దొరికితే చాలు, అది రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతూ పోతుంది. గ్రంథి ఉబ్బుతుంది. అంటే బిళ్ళ జబ్బు కాదు, మందు తయారవుతున్న చోటు.

తినే కణాల సంగతి లోకానికి తెలిసింది కూడా ముల్లుతోనే. 1882లో ఇటలీలోని సిసిలీ దీవిలో, మెసీనా పట్టణంలో ఇలియా మెచ్నికోవ్ అనే రష్యన్ జీవశాస్త్రవేత్త నక్షత్రచేపల పిల్లలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. వాటి ఒళ్ళు గాజులా పారదర్శకం. తోటలోని గులాబీ ముళ్ళు తెచ్చి ఆ ఒంట్లోకి గుచ్చాడు. మర్నాడు ఉదయానికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాన్ని కణాలు వెంటాడి తింటాయన్న ఆలోచన అక్కడ స్థిరపడింది. 1908లో ఆయనకూ, యాంటీబాడీల మీద పనిచేసిన పాల్ ఎర్లిష్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

న్యూట్రోఫిల్స్‌ది గంటల్లో జరిగే పని. బి కణాల నుంచి వచ్చే యాంటీబాడీలు మొదటిసారి తగినన్ని తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. వైరల్ జ్వరం వారం పట్టి పీడించి, ఆపైన తగ్గడానికి ఇదొక కారణం. అయితే ఆ పోరాటంలో పుట్టిన కణాలు కొన్ని ఏళ్ళ తరబడి మిగిలి ఉంటాయి. అదే శత్రువు మళ్ళీ వస్తే ఈసారి వారం ఆగవు. ఆటలమ్మ ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయడం అరుదని మన అమ్మమ్మలకు తెలిసింది ఈ జ్ఞాపకం గురించే. జబ్బు పడకుండానే ఆ జ్ఞాపకాన్ని ఇచ్చేది టీకా.

పట్టి ఉంచే కణాలు

ఇంత శక్తి ఒంట్లో ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేదీ ఉండాలి. లేకపోతే ఆ కణాలు మన మీదికే తిరుగుతాయి. థైరాయిడ్ గ్రంథి మీద పడితే హైపోథైరాయిడిజం, కీళ్ళ మీద పడితే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడితే పిల్లలకు వచ్చే టైప్-1 మధుమేహం. ఇవన్నీ రోగనిరోధక శక్తి తక్కువై వచ్చిన జబ్బులు కావు, అదుపు తప్పి వచ్చినవి.

ఆ అదుపు ఛాతీ ఎముక వెనకాల ఉండే థైమస్ గ్రంథిలో మొదలవుతుంది. టి కణాలకు పరీక్ష అక్కడే. మన సొంత కణాలను శత్రువులుగా పొరబడేవి, ఎందుకూ పనికిరానివి అక్కడే చనిపోతాయి. నూటికి నాలుగైదు కూడా బయటికి రావు. అయినా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని బయట ఆపేదెవరు? జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగూచి 1995లో దీనికి జవాబు చూపించాడు. మిగతా కణాలను శాంతపరచడమే పనిగా ఉన్న నియంత్రక టి కణాలు ఉన్నాయన్నాడు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం ఫాక్స్‌పి3 అనే జన్యువును గుర్తించింది. ఆ జన్యువు చెడిన మగపిల్లల్లో పుట్టిన కొద్ది నెలలకే పేగులు, క్లోమం, చర్మం అన్నింటి మీదా సొంత కణాలే దాడిచేస్తాయి. ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ వచ్చింది.

'ఇమ్యూనిటీ పెంచుతుంది' అని డబ్బా మీద రాసి ఉన్నప్పుడల్లా నాకు ఆ పిల్లలు గుర్తొస్తారు. దేన్ని పెంచుతుంది? న్యూట్రోఫిల్స్‌నా, యాంటీబాడీలనా, శాంతపరిచే కణాలనా? ఏ డబ్బా మీదా ఆ జవాబు ఉండదు.

పెంచడం ఒక్కటే మేలు కాదని కొవిడ్ కాలం మన కళ్ళెదుటే నిరూపించింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన ఫలితాలు వచ్చాయి. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడోవంతు తగ్గించిన మందు డెక్సామెథసోన్ అనే చవకైన స్టిరాయిడ్. అది రోగనిరోధక శక్తిని పెంచేది కాదు, అణిచేది. వైరస్ కన్నా సొంత కణాల అతి స్పందన ఊపిరితిత్తులను ఎక్కువ పాడుచేస్తున్న దశలో ఆ అణచివేతే ప్రాణం నిలిపింది. మరుసటి ఏడాది వేసవిలో రెండో ముఖం చూశాం. స్టిరాయిడ్లు అవసరానికి మించి వాడినవారిలో, చక్కెర అదుపులో లేనివారిలో బ్లాక్ ఫంగస్ కళ్ళను, దవడలను తినేసింది. తగ్గినా ముప్పే, మించినా ముప్పే.

వేపచెట్టు మీది తీగ

అదే కాలంలో ప్రతి కాలనీలోనూ తిప్పతీగ కోసం వెతుకులాట మొదలైంది. అంతకుముందు కంచెల మీద, వేపచెట్ల మీద దాని మానాన అది పాకేది. తమలపాకును పోలిన హృదయాకారపు ఆకు, కాడ మీద కాగితంలా ఊడివచ్చే పలుచని పొర, గోటితో గీరితే కింద పచ్చదనం, పైకొమ్మల నుంచి దారాల్లా నేలకు వేలాడే ఊడలు. తీగను మధ్యకు తెంపేసినా పైభాగం చావదు. గాలిలోనే కొత్త ఊడ దించి నేలను అందుకుంటుంది. ఆయుర్వేదం దీన్ని గుడూచి అని, అమృత అని పిలిచింది. చరక సంహిత దీన్ని మేధ్య రసాయనాల్లో, అంటే బుద్ధికి బలమిచ్చే మందుల్లో, చేర్చింది. వేపచెట్టుకు పాకిన తీగే మేలని నాటువైద్యులు ఇప్పటికీ ఏరుకుంటారు. కాడను దంచి, నీళ్ళలో పిసికి, అడుగున పేరుకున్న తెల్లని పిండిని ఎండబెడితే అదే తిప్పసత్తు.

ఈ మూలిక పనిచేయదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రి పరిశోధకులు పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది రోగుల మీద దీన్ని పరీక్షించి 1993లో ఫలితాలు ప్రచురించారు. తిప్పతీగ ఇచ్చినవారిలో కణాలు సూక్ష్మజీవులను మింగే సామర్థ్యం మెరుగుపడింది, ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్లు తగ్గాయి. 2005లో అలర్జీతో ముక్కు కారే 75 మందిపై ఎనిమిది వారాల పరీక్షలో తుమ్ములు తగ్గాయి. చిన్న పరీక్షలే, పెద్ద సంఖ్యలో జరగాల్సినవే. కానీ ఈ తీగ రోగనిరోధక కణాలను నిజంగా తాకుతోందని అవి చూపించాయి.

చిక్కు కూడా అక్కడే ఉంది. కణాలను నిజంగా కదిలించగల మందు, వాటిని కదిలించకూడని మనిషిలోనూ కదిలిస్తుంది. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. 2022లో దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి అలాంటి 43 మంది గురించి రాశారు. చాలామందిలో అది సొంత కణాలు కాలేయం మీద పడినప్పుడు కనిపించే హెపటైటిస్‌లాగే ఉంది. కొందరికి అప్పటికే థైరాయిడ్ సమస్యో, మధుమేహమో ఉంది. మందు మానేసి వైద్యం చేయించుకున్నాక ఎక్కువమంది కోలుకున్నారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ ఆరోపణను ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేననీ, టినోస్పోరా క్రిస్పా అనే దగ్గరి చుట్టం లాంటి తీగతో పొరబడి ఉండవచ్చనీ చెప్పింది. క్రిస్పా కాడ మీద బొడిపెలు దట్టంగా ఉంటాయి. నేను ఇందులో ఎవరి పక్షమూ వహించాల్సిన పని లేదు. ఏ తీగో తెలియకుండా, ఎంతో తెలియకుండా, నెలల తరబడి తాగకూడదన్న మాట రెండు వాదనల నుంచీ వస్తుంది.

2020 అక్టోబరులో ఆయుష్ శాఖ ఇచ్చిన కొవిడ్ మార్గదర్శకాల్లో కూడా గుడూచి ఘనవటి 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 15 రోజులో నెలో అని గడువు ఉంది. మనవాళ్ళు గ్లాసు పట్టుకున్నారు, గడువు వదిలేశారు. అసలు ఇలాంటి రసాయన చికిత్సకు ముందు శోధన, అంటే ఒంటి శుద్ధి, చేయాలని, వయసు, రుతువు, జఠరాగ్ని చూసి మోతాదు నిర్ణయించాలని ఆయుర్వేదమే చెప్పింది. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో కాచిన కషాయం ఏ వైద్యానికీ చెందదు.

వంటింటి మోతాదు

కూరలో వేసే పసుపు, చారులో మిరియాలు, పిల్లల జలుబుకు శొంఠి, తులసి ఆకు, ఉగాది నాటి వేపపువ్వు, కార్తిక వనభోజనాల్లో ఉసిరి... వీటి గురించి భయపడక్కర్లేదు. వందల ఏళ్ళుగా మన పెద్దలు తిన్న మోతాదులివి. ఉసిరి విలువ మాటల్లో కాదు, కాయలోనే ఉంది. 100 గ్రాముల్లో వందల మిల్లీగ్రాముల విటమిన్-సి ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవారికి రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65. న్యూట్రోఫిల్స్ ఈ విటమిన్‌ను రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తమలో దాచుకుంటాయి. రోజూ తీసుకున్నంత మాత్రాన జలుబు రాకుండా ఆగదు, వచ్చిన జలుబు కాస్త తొందరగా తగ్గుతుంది, అంతే.

పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే. అదీ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో దానికి మిరియాల్లోని పైపరీన్ జోడిస్తే 20 రెట్లు ఎక్కువగా ఎక్కుతుందని చూపించారు. పులుసులో, చారులో ఈ జంట మనకు పాతదే. కానీ ఆ రెండింటినీ గాఢంగా చేసి మాత్రలో నింపినప్పుడు మోతాదు వంటింటిది కాదు. అమెరికాలో అలాంటి మాత్రలు వాడినవారిలోనూ కాలేయం దెబ్బతిన్న సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ, విషయంలోనూ ఇలాంటి నివేదికలు ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది.

మూలికల కన్నా ముందు చూసుకోవలసినవి చప్పగా వినిపిస్తాయి గానీ వాటి బలమే ఎక్కువ. యాంటీబాడీ అంటే ప్రోటీన్. పళ్ళెం నిండా అన్నం, పక్కన చెంచాడు పప్పు అయితే అవి దేనితో తయారవుతాయి? ఇక నిద్ర. 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసిన అమెరికా పరిశోధన 2015లో వచ్చింది. ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయినవారికి జలుబు పట్టే అవకాశం, ఏడు గంటలు దాటి నిద్రపోయినవారి కన్నా నాలుగు రెట్లకు పైగా ఉంది. చక్కెర అదుపులో లేకపోతే న్యూట్రోఫిల్స్ పని మందగిస్తుంది. పెద్దవాళ్ళకు ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మన ఇళ్ళల్లో దాదాపు ఎవరూ అడగరు. అడగాలి.

ఇప్పటికే తిప్పతీగో, మరో మూలిక మాత్రో రోజూ వాడుతున్నవారికి ఒక మనవి. థైరాయిడ్, కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్ లాంటివి ఉన్నా, అవయవ మార్పిడి జరిగినా వైద్యుణ్ణి అడగకుండా వాడకండి. ఒంట్లో నీరసం, ఆకలి మందగించడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే వెంటనే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోండి. డాక్టరు 'ఏ మందులు వాడుతున్నారు' అని అడిగినప్పుడు, ఆకే కదా, కషాయమే కదా అని దాచకండి. ఆ పేరు కూడా చెప్పండి, వీలైతే డబ్బా పట్టుకెళ్ళి చూపించండి.